నగరం నడిబొడ్డున ఆఫీసు భవనం: సైట్ ప్లాన్‌ను పరిశీలించడం ఎలా?

హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐకి, అంటే ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న నిష్పత్తికి, గరిష్ఠ పరిమితి లేదు. 2006లో జీవో 86తో అది పోయింది. 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. ఎన్ని అంతస్తులు వేయొచ్చో తేల్చేవి ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ (సెట్‌బ్యాక్). అందుకే ఇక్కడ ఆఫీసు భవనం భవిష్యత్తు ముఖభాగం చూపే ఎలివేషన్ బొమ్మల్లో కంటే, ప్లాటులో భవనం, దారులు, ఖాళీలు ఎక్కడో చూపే సైట్ ప్లాన్‌లోనే తేలిపోతుంది.

సైట్ ప్లాన్‌లో తప్పులు రకరకాలుగా కనిపిస్తాయి గానీ చాలావాటి వేరు ఒకటే: డబుల్ రిజిస్ట్రేషన్. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మినట్టు, అదే మీటరు నేలను ఫైరింజన్ దారిగా ఒకసారి, మొక్కల పట్టీగా ఇంకోసారి, ట్రాన్స్‌ఫార్మర్ యార్డుగా మూడోసారి చూపిస్తారు. పరిశీలన అంటే ముఖ్యంగా దీన్ని పట్టుకోవడమే. గీసే ఆర్కిటెక్టుకూ, చూసే టౌన్ ప్లానింగ్ సిబ్బందికీ, డబ్బు పెట్టే యజమానికీ పనికొచ్చేలా ఒకే ఉదాహరణను చివరిదాకా లెక్క కడదాం.

బషీర్‌బాగ్, నాంపల్లి లాంటి చోట ఒక ప్లాటు అనుకోండి. రోడ్డు వైపు 40 మీటర్లు, లోపలికి 60 మీటర్లు. మొత్తం 2,400 చదరపు మీటర్లు, అంటే దాదాపు 2,870 గజాలు. ముందున్న రోడ్డు ఇప్పుడు 24 మీటర్లు, మాస్టర్ ప్లాన్‌లో 30 మీటర్లు. కింద వాడిన అంకెలు 2012 నిబంధనలవి. సవరణ జీవోలు వస్తూనే ఉంటాయి కాబట్టి సొంత ఫైలుకు తాజా పట్టిక పక్కన పెట్టుకునే లెక్క మొదలుపెట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి జీవో 119 నిబంధనలు వేరు. అక్కడివాళ్లు ఈ అంకెలు వదిలేసి పద్ధతి మాత్రం తీసుకోవచ్చు.

1. ముందు నేలను కొలవండి

దస్తావేజులో గజాలు ఉంటాయి, సర్వేలో చదరపు మీటర్లు, నేల మీద ప్రహరీ. ఈ మూడూ ఒకటే చెప్పడం అరుదు. గజాన్ని 0.8361తో గుణించి పోల్చండి. తేడా ఉంటే తక్కువ ఉన్న అంకెతోనే ముందుకు వెళ్లండి. ఎక్కువ అంకెతో గీసిన ప్లాన్ సైట్ తనిఖీ రోజున కూలిపోతుంది.

నాలుగు వైపులా కొలతలు సరిపోయినంత మాత్రాన ప్లాటు సరైన దీర్ఘచతురస్రంగా ఉన్నట్టు కాదు. రెండు కర్ణాలూ కొలవాలి. 40, 60 మీటర్ల ప్లాటు మూలలు సరిగ్గా ఉంటే కర్ణం 72.11 మీటర్లు రావాలి. ఒకటి 71.5, ఇంకోటి 72.7 వస్తే ప్లాటు వాలినట్టే. కాగితం మీద 8 మీటర్లున్న సెట్‌బ్యాక్ వెనక మూలకు వెళ్లేసరికి ఏడున్నరకు దిగే ప్రమాదం ఉంది. నిబంధన చూసేది సగటు వెడల్పును కాదు, అతి ఇరుకైన చోటును.

కొలతలతో పాటు లెవెల్స్ (ఎత్తు పల్లాలు) కూడా తీయించండి: రోడ్డు నడి మధ్య, రోడ్డు అంచు, ప్లాటు నాలుగు మూలలు, పక్కింటి ప్రహరీ అడుగు, దగ్గరి మ్యాన్‌హోల్ అడుగు. వాన నీటి లెక్కంతా వీటి మీదే నిలుస్తుంది.

2. రోడ్డుకు పోయేది తీసేయండి

24 మీటర్ల రోడ్డు 30 అవ్వాలంటే మామూలుగా చెరో వైపు 3 మీటర్లు పోతుంది. 40 మీటర్ల ముఖానికి 120 చదరపు మీటర్లు. మిగిలే ప్లాటు 40 × 57, అంటే 2,280 చదరపు మీటర్లు. ఇకపై ప్రతి సెట్‌బ్యాక్ ఈ కొత్త గీత నుంచే. పోయిన ముక్కను గిఫ్ట్ డీడ్‌తో కార్పొరేషన్‌కు రాసివ్వాలి, బదులుగా టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) అడగవచ్చు.

“చెరో వైపు” అన్నది ఊహగా రాసేయకండి. ఎదురుగా నాలాయో, రైల్వే గోడో, కదపలేని కట్టడమో ఉంటే విస్తరణ మొత్తం ఇటువైపే పడవచ్చు. అప్పుడు 3 కాదు, 6 మీటర్లు. ఆర్‌డీపీ (రోడ్డు విస్తరణ ప్లాన్) స్కెచ్ తెచ్చుకుని రోడ్డు మధ్య గీత ఎక్కడ పెట్టారో చూడకుండా ఒక్క గోడ కూడా గీయవద్దు. మూల ప్లాటు అయితే స్ప్లే (మూల దగ్గర కోత) కూడా తీయాలి: 12 మీటర్ల లోపు రోడ్లకు 3 × 3, 12 నుంచి 24 దాకా 4.5 × 4.5, అంతకు మించితే 6 × 6 మీటర్లు. కోత పడిన ఆ త్రికోణంలో సెక్యూరిటీ గది కట్టేసే అలవాటు ఊరంతా ఉంది. ప్లాన్‌లో అది కనిపిస్తే షార్ట్‌ఫాల్ (లోపాలు సరిచేయమనే లేఖ) ఖాయం.

3. చుట్టుపక్కల ఏముందో చూడండి

ఇది గంట పని, కానీ వదిలేస్తే మొత్తం ప్లాన్ మళ్లీ గీయాలి. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే దాని హద్దు నుంచి 9 మీటర్లు, అంతకు లోపైతే 2 మీటర్లు వదలాలి. బల్కాపూర్ నాలా, హుస్సేన్‌సాగర్ మిగులు నాలా లాంటివి పాత ఇళ్ల వెనక నుంచి పైకప్పు వేసుకుని పోతుంటాయి. కంటికి కనబడలేదని లేనట్టు కాదు. చెరువు 10 హెక్టార్లు, ఆపైన ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9.

కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆ తర్వాతి 200 మీటర్లలో ముందస్తు అనుమతి కావాలి. చార్మినార్ పరిసరాల్లో ప్లాటు చూసేవాళ్లు డబ్బు కట్టకముందే ఈ దూరం కొలవాలి.

బేగంపేట వైపు అయితే ఎయిర్‌పోర్ట్ అథారిటీ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. దాంట్లో ఎత్తు సముద్ర మట్టం నుంచి ఇస్తారు. ఉదాహరణకు 570 మీటర్లు అని వచ్చి, సైట్ లెవెల్ 535 అయితే చేతికొచ్చేది 35 మీటర్లే. అందులోనే వాటర్ ట్యాంకు, లిఫ్ట్ మెషీన్ గది, పిడుగు కడ్డీ, యాంటెన్నా అన్నీ ఇమడాలి.

4. ఎత్తు ఆశ, నేల లెక్క

యజమాని మొదట అడిగేది “ఎన్ని ఫ్లోర్లు వస్తాయి?” అని. అడగాల్సింది “ఎన్ని చదరపు మీటర్లు వస్తాయి?” అని. హై-రైజ్ (ఎత్తైన భవనాల) పట్టికలో ఎత్తు పెరిగేకొద్దీ నాలుగు వైపులా వదిలే ఖాళీ పెరుగుతుంది: 21 నుంచి 24 మీటర్ల ఎత్తుకు 8 మీటర్లు, 27 దాకా 9, 30 దాకా 10. ఆఫీసు అంతస్తుకు 3.75 మీటర్లు పట్టుకుని మన 40 × 57 ప్లాటు మీద వేద్దాం.

6 అంతస్తులు, 22.5 మీటర్లు: అంతస్తుకు 24 × 41 = 984, మొత్తం 5,904 చదరపు మీటర్లు.
7 అంతస్తులు, 26.25 మీటర్లు: 22 × 39 = 858, మొత్తం 6,006.
8 అంతస్తులు, 30 మీటర్లు: 20 × 37 = 740, మొత్తం 5,920.

ఆరు నుంచి ఎనిమిదికి ఎక్కితే దక్కేది 16 చదరపు మీటర్లు, అంటే ఒక చిన్న గది. దానికి రెండు అంతస్తుల కాంక్రీటు, అదనపు లిఫ్టు సామర్థ్యం, పొడుగు పైపులు. ఏడు బాగుందనిపిస్తుంది. కానీ లెక్క ఇంకా అవ్వలేదు.

హై-రైజ్‌కు సెట్‌బ్యాక్‌లతో పాటు అదనంగా సైట్‌లో 10 శాతం ఆర్గనైజ్డ్ ఓపెన్ స్పేస్ (పచ్చదనానికి విడిగా ఖాళీ) వదలాలి, కనీస వెడల్పు 3 మీటర్లు. మనకు 228 చదరపు మీటర్లు. అది సెట్‌బ్యాక్‌లో కలవదు కాబట్టి భవనం అడుగు భాగం నుంచే తీయాలి. తీసి చూడండి: 6 అంతస్తులకు 756 × 6 = 4,536; 7 అంతస్తులకు 630 × 7 = 4,410; 8 అంతస్తులకు 512 × 8 = 4,096. ఏడు ఓడిపోయింది. ఆరు దగ్గరే అత్యధికం, ఎనిమిదికి వెళ్తే 440 చదరపు మీటర్లు నష్టం. అదే 10 శాతాన్ని సెట్‌బ్యాక్‌లోనే చూపించి “ఏడంతస్తులు వస్తాయి” అని మాట ఇచ్చిన ప్లాన్‌లో డబుల్ రిజిస్ట్రేషన్ ఇక్కడే దొరుకుతుంది.

ఇదే షీట్‌లో హై-రైజ్ హద్దుకు లోపల ఆగిపోయే పొట్టి భవనాన్ని కూడా వేసి చూడాలి. దానికి వేరే పట్టిక, తక్కువ సెట్‌బ్యాక్‌లు. ఈ సైజు ప్లాట్లలో పొట్టిదే గెలిచినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎత్తు కావాలన్నది యజమాని ముచ్చటైతే సరే, కానీ ముచ్చట ఖరీదు ఎంతో ఆయనకు కాగితం మీద చూపించాలి.

30 మీటర్ల ఎత్తు లోపు హై-రైజ్‌లకు ఒక వెసులుబాటు ఉంది. ఒక వైపు సెట్‌బ్యాక్ నుంచి 2 మీటర్ల దాకా ఇంకో వైపుకు మార్చుకోవచ్చు, ఏ వైపూ 7 మీటర్లకు తగ్గకూడదు. పక్క ప్లాటు వైపు 7 ఉంచి గేటు వైపు 9 చేసుకుంటే కార్ల కదలిక తేలికవుతుంది. కానీ 7 ఉంచిన వైపు ఫైరింజన్ పడుతుందా అన్నది చూసుకున్నాకే.

5. ఎనిమిది మీటర్లను అడ్డంగా కోసి చూడండి

పరిశీలనలో అన్నిటికంటే పనికొచ్చే బొమ్మ ఇదే, చాలా ఫైళ్లలో లేనిదీ ఇదే. మన ఆరంతస్తుల ప్లాన్‌లో ప్రహరీ నుంచి భవనం గోడ దాకా 1:50 స్కేల్‌లో ఒక అడ్డకోత గీయించండి. ప్రహరీ పక్కన 2 మీటర్ల పచ్చ పట్టీ, తర్వాత 6 మీటర్ల ఫైరింజన్ దారి, తర్వాత గోడ. 2 + 6 = 8. ఒక్క అంగుళం మిగలదు.

ఇక దీంట్లో ఏం దూరుతున్నాయో చూడండి. గోడ వెంట దిగే వాన నీటి పైపులు, వాటి కింద చాంబర్లు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు. మెట్ల గది తలుపు బయటికి తెరుచుకుంటే 1 మీటరు. ప్రవేశం దగ్గర వికలాంగుల ర్యాంపు: ప్లింత్ (నేల నుంచి గచ్చు ఎత్తు) 60 సెంటీమీటర్లు ఉంటే 1:12 వాలుకు 7.2 మీటర్ల పొడవు కావాలి. ఇవన్నీ భవనం 24 మీటర్ల వెడల్పులో నుంచే రావాలి, దారిలో నుంచి కాదు.

జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016 ప్రకారం ఈ దారి 45 టన్నుల ఫైరింజన్‌ను మోయాలి, మలుపుకు 9 మీటర్ల వ్యాసార్ధం ఉండాలి. గేటు వెడల్పు 6 మీటర్లు. గేటు మీద ఆర్చి కడితే దాని కింద కనీసం 4.5 మీటర్లు. దీన్ని పరీక్షించడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ట్రేసింగ్ కాగితం మీద ప్లాన్ స్కేల్‌లోనే 9 మీటర్ల చాపం గీసి నాలుగు మూలల మీదా పెట్టి చూడండి. అందం కోసం మూలల్లో మొక్కల పట్టీని గుండ్రంగా లోపలికి తోసిన ప్లాన్లు ఇక్కడే దొరుకుతాయి. భవనం మూల ఒకవైపు, పచ్చదనం ఇంకోవైపు నొక్కి బండి మధ్యలో ఇరుక్కుంటుంది. మూలలు ఖాళీగా ఉంచితే తిరుగుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్, సంపు, ఎస్‌టీపీ (మురుగు నీటి శుద్ధి ప్లాంటు), చెత్త డబ్బాల చోటు: ఈ ఐదింటికీ సైట్ ప్లాన్ మీద కొలతలతో పెట్టెలు లేకపోతే ఫైలును ముందుకు పంపకండి. ప్లాన్‌లో లేని ట్రాన్స్‌ఫార్మర్ కట్టేటప్పుడు ఎక్కడికి వెళ్తుందో అందరికీ తెలుసు. ఫైరింజన్ దారిలోకే. రోడ్డుకు దగ్గరగా ముందు మూలలో, దారి వదిలి పెట్టడం అన్నివిధాలా నయం.

6. సెల్లార్, ర్యాంపు

2,000 చదరపు మీటర్లు దాటిన సైట్‌లో సెల్లార్‌ను హద్దు నుంచి 3 మీటర్లు లోపలికి జరపాలి, కింద ఇంకో సెల్లార్ వేస్తే మరో అర మీటరు. మన మొదటి సెల్లార్ 34 × 51 = 1,734 చదరపు మీటర్లు. రెండోది 33 × 50 = 1,650.

సెల్లార్ 3 మీటర్లు జరిగింది కాబట్టి 2 మీటర్ల పచ్చ పట్టీ అసలు మట్టి మీదే ఉంటుంది, చెట్ల వేళ్లు దిగుతాయి. కానీ ఫైరింజన్ దారిలో ఎక్కువ భాగం సెల్లార్ స్లాబు మీదే పడింది. స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్కల్లో ఆ స్లాబుకు 45 టన్నుల బండి రాశారా, మామూలు పార్కింగ్ లోడు రాశారా అన్నది అడిగి తీరాలి. సంపు మీద మ్యాన్‌హోల్ మూతలకూ ఇదే ప్రశ్న.

పార్కింగ్‌ను ఇక్కడ కార్ల సంఖ్యతో కాకుండా బిల్టప్ ఏరియాలో శాతంగా అడుగుతారు. వాడుకను బట్టి శాతం మారుతుంది. లెక్క కోసం మూడో వంతు అనుకుంటే 4,536కు 1,512 చదరపు మీటర్లు కావాలి. 1,734 ఉంది కదా, ఒక్క సెల్లార్ చాలు అనిపిస్తుంది. ర్యాంపు, మెట్లు, లిఫ్టులు తీసేసి లెక్కించడమే సురక్షితం. 31 × 5.4 మీటర్ల ర్యాంపు 167 తింటుంది, మెట్లు లిఫ్టులు కలిపి 70 అనుకుందాం. మిగిలేది 1,497. పంపు గది, ట్యాంకులు పెట్టకముందే 15 తక్కువ. అంటే రెండో సెల్లార్ తవ్వాలి, లేదా కట్టే విస్తీర్ణం కొంత తగ్గించాలి. కొద్దిపాటి కొరతకు రెండో సెల్లార్ తవ్వడం కంటే ఒక అంతస్తులో టెర్రస్ వదిలి విస్తీర్ణం తగ్గించుకోవడం చవక.

ర్యాంపు పొడవును ఇంకాస్త దగ్గరగా చూద్దాం. 3.6 మీటర్లు దిగడానికి 1:8 వాలులో 28.8 మీటర్లు. మన భవనం లోతు 31.5 మీటర్లు (41లో 9.5 ఓపెన్ స్పేస్‌కు పోయింది), ఇట్టే పట్టేస్తుందనుకుంటారు. కానీ 1:8 వాలు ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగితే కారు పొట్ట నేలకు రాసుకుంటుంది. పైన 3 మీటర్లు, కింద 3 మీటర్లు 1:16 వాలు ఇవ్వాలి. అప్పుడు మొత్తం 31.8 మీటర్లు. 30 సెంటీమీటర్లు ఫైరింజన్ దారిలోకి పొడుచుకొచ్చాయి! పైన వాన నీరు ఆపే మిట్టను కూడా కలుపుకుని తేడాను 3.5 మీటర్లకు తగ్గిస్తే 31 మీటర్లలో దిగిపోతుంది. సెల్లార్ ఎత్తు 10 సెంటీమీటర్లు తగ్గించడం ప్లాన్ దశలో ఒక గీత. కట్టాక అయితే కోర్టు కేసు.

స్తంభాల మధ్య దూరం కూడా ఇప్పుడే తేల్చండి. 2.5 మీటర్ల కార్లు మూడు, 60 సెంటీమీటర్ల స్తంభం కలిపితే 8.1 మీటర్లు. 7.5 దగ్గర స్తంభాలు వేస్తే మూడో కారు పట్టదు. కాగితం మీద మూడు గళ్లు గీసినా వాడుకలో రెండే.

7. గేటు దగ్గర పది నిమిషాలు

ఈ సెల్లార్‌లో దారితో కలిపి కారుకు 30 చదరపు మీటర్ల లెక్కన 50 దాకా కార్లు పడతాయి. అందులో 25 కార్లు ఉదయం పది నిమిషాల్లో వచ్చాయనుకోండి. వాచ్‌మన్ రిజిస్టర్ రాసుకుని వదలడానికి కారుకు 40 సెకన్లు పడితే పది నిమిషాల్లో 15 కార్లే లోపలికి పోతాయి. మిగతా 10 కార్లు, ఒక్కోటి 6 మీటర్ల చొప్పున, 60 మీటర్ల వరుసగా రోడ్డు మీద. ప్లాటు ముఖమే 40 మీటర్లు. ట్యాగ్ రీడర్‌తో 10 సెకన్లకు దించితే వరుసే ఉండదు. ట్రాఫిక్ పోలీసులకు ఈ లెక్క ఒక పేజీలో ఇస్తే మిగతా ప్రశ్నలు తగ్గుతాయి.

బూమ్ బారియర్‌ను ప్రహరీ గీత మీద పెట్టకండి. దారి భవనం పక్కకు తిరిగాక పెడితే రెండు మూడు కార్లు లోపలే ఆగుతాయి. టూవీలర్లకు వేరే దారి ఉండాలి; హైదరాబాద్ ఆఫీసులో వాటి సంఖ్యే ఎక్కువ. మెట్రో స్తంభాలున్న రోడ్డైతే కుడికి తిరగడం కుదరదు, కాబట్టి దగ్గరి యూ-టర్న్ ఎంత దూరమో ప్లాన్ మీద రాయండి. గేటు కోసం ఫుట్‌పాత్‌ను వాలుగా కోసేయడం ఇంకో చెడ్డ అలవాటు. ఫుట్‌పాత్ తన ఎత్తులోనే సాగాలి, కారే ఎక్కి దిగాలి.

8. వాన నీరు

గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 2,280 చదరపు మీటర్ల సైట్ మీద 114 ఘనపు మీటర్ల నీరు, అంటే పది పన్నెండు పెద్ద ట్యాంకర్లు. రాళ్లు నింపిన 1.5 × 1.5 × 2 మీటర్ల ఇంకుడు గుంతలో నీరు నిలిచే ఖాళీ 2 ఘనపు మీటర్లు కూడా ఉండదు. రెండు గుంతలు గీసి “వర్షపు నీటి సంరక్షణ” అని రాయడం గడి నింపడమే. పైకప్పు 756 చదరపు మీటర్ల నీటికైనా, అంటే 38 ఘనపు మీటర్లకు, 4 × 4 × 2.4 మీటర్ల ట్యాంకు కట్టి, పొంగేదాన్ని గుంతలకు పంపాలి.

2020 అక్టోబర్ వరదల్లో నగరంలో ఎన్నో సెల్లార్లు మునిగాయి. ర్యాంపు మొదట్లో రోడ్డు నడి మధ్య లెవెల్ కంటే కనీసం 20–30 సెంటీమీటర్ల మిట్ట, దాని ముందు అడ్డంగా జాలీ కాలువ ఉండాలి. రోడ్డు తారు వేసిన ప్రతిసారీ కొంత లేస్తుందని గుర్తుంచుకుని మిట్ట ఎత్తు పెట్టండి. జనరేటర్‌నూ, ఎలక్ట్రికల్ ప్యానెళ్లనూ సెల్లార్‌లో పెట్టకండి. నీళ్లు వచ్చిన రాత్రే పంపుకు కరెంటు కావాలి.

9. ఫైలు ఎక్కించడం

2020 చట్టంతో వచ్చిన భవన అనుమతుల ఆన్‌లైన్ వ్యవస్థ టీఎస్-బీపాస్‌లో సింగిల్ విండోకు గడువు 21 రోజులు. ఇప్పుడు బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చింది. డ్రాయింగ్‌ను ముందు సాఫ్ట్‌వేరే చదువుతుంది. అది తిప్పికొట్టడానికి కారణాలు చాలావరకు చిల్లరవి: హద్దు గీత మూలలో కలవకపోవడం, మీటర్లకు బదులు మిల్లీమీటర్లలో గీయడం, లేయర్ పేరు తప్పు, రోడ్డుకు పోయే ముక్కను వేరే గడిగా చూపకపోవడం.

ఎన్‌వోసీల్లో ముందు ఫైర్ మొదలుపెట్టండి. 15 మీటర్లు, ఆపైన ఉన్న వాణిజ్య భవనాలకు అది తప్పనిసరి, ప్లాన్‌ను మార్చే శక్తి ఎక్కువ ఉన్నదీ దానికే. బిల్టప్ ఏరియా 20,000 చదరపు మీటర్లు దాటితేనే పర్యావరణ అనుమతి, మన భవనానికి అవసరం రాదు. ప్లాటు 1,000 లేదా బిల్టప్ 2,000 చదరపు మీటర్లు దాటిన వాణిజ్య భవనానికి ఇంధన పొదుపు కోడ్ వర్తిస్తుంది, దాన్ని మాత్రం మర్చిపోకండి. 10 శాతం బిల్టప్ ఏరియాను తనఖా పెట్టాలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే విడిపిస్తారు. ఆ భాగాన్ని అద్దెకు ముందే ఒప్పుకోకుండా చూసుకోవాలి.

షార్ట్‌ఫాల్ లేఖ వస్తే ఒక్కో అంశానికి ఒక్కో జవాబు రాసి, మార్చిన చోట ప్లాన్ మీద మబ్బు గీత చుట్టండి. ఒక షీట్‌లో ర్యాంపు జరిపితే సైట్ ప్లాన్, సెల్లార్ ప్లాన్, అడ్డకోత, ఫైర్ డ్రాయింగ్, ఏరియా పట్టిక ఐదూ మారాలి. రెండో షార్ట్‌ఫాల్ తరచుగా పడేది మొదటిదానికి ఇచ్చిన జవాబులోనే, మార్చడం మర్చిపోయిన ఆ ఐదో షీట్ దగ్గర.